హెడ్‌సెట్ కొనే ముందు ఫోన్‌ను తిరగేసి చూడండి

ఆఫీసు ఫోన్లు బిగించే పనిలోకి వచ్చిన కొత్తలో ఒక క్లినిక్‌కు ఎనిమిది హెడ్‌సెట్లు పట్టుకెళ్లాను. అక్కడ అపాయింట్‌మెంట్ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయిలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా రిసీవర్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మెడ ఒక పక్కకు వాల్చి, రెండు చేతులతో టైపు చేస్తూ ఉండేవాళ్లు. మెడనొప్పి అని ఇద్దరు సెలవు పెట్టాక మేనేజర్ హెడ్‌సెట్లు తెప్పించమన్నాడు. తెచ్చాను. ప్లగ్గులన్నీ టక్కుమని కూర్చున్నాయి. డయల్ టోన్ వినిపించింది. నేను సామాను సర్దుకుంటుంటే మొదటి కాల్ వచ్చింది. ఈ అమ్మాయి "నమస్తే, చెప్పండి" అంటోంది. అవతలి మనిషి "హలో, హలో" అని పెట్టేశాడు. రెండో కాల్ కూడా అంతే. "అన్నా, నాకు మంచిగనే వినిపిస్తుంది, వాళ్లకే వినిపిస్తలేదు" అంది. ఎనిమిదింటిలోనూ అదే పరిస్థితి.

హెడ్‌సెట్లు బాగానే ఉన్నాయి. ఫోన్లూ బాగానే ఉన్నాయి. రెంటినీ కలిపే చిన్న వైరు ఆ మోడల్ ఫోన్‌కు సరిపోయేది కాదు. సరైన వైర్లు తెప్పించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాళ్లు మళ్లీ మెడలు వాల్చుకునే మాట్లాడారు. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఫోన్ అడుగున చూడకుండా ఒక్క హెడ్‌సెట్ కూడా కొనిపించలేదు. మీకూ ఆ వరసలోనే చెబుతాను. ముందు ఫోన్, తర్వాత వైరు, ఆ తర్వాతే హెడ్‌సెట్.

ముందు ఫోన్

ఫోన్‌ను బోర్లా తిప్పండి. అడుగున స్టిక్కర్ మీద కంపెనీ పేరు, మోడల్ నంబర్ ఉంటాయి. మొబైల్‌తో ఒక ఫొటో తీసుకోండి. షాపుకు వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఆ ఫొటోయే మీకు ఆధారం. "మాది సిస్కో ఫోన్" అని చెబితే చాలదు, ఎందుకంటే ఒకే కంపెనీలో పక్కపక్క మోడళ్ల మధ్యే చాలా తేడా ఉంటుంది. సిస్కో 7811కు హెడ్‌సెట్ పోర్టే లేదు. 7821, 7841, 7861లకు ఉంది. 8841కు హెడ్‌సెట్ పోర్టు ఉంది గానీ బ్లూటూత్ లేదు. 8851కు యూఎస్‌బీ, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. యీలింక్ అనే ఇంకో కంపెనీ టీ54డబ్ల్యూలో బ్లూటూత్ లోపలే ఉంటుంది. టీ46యూకు అయితే బీటీ41 అనే డాంగిల్ (బ్లూటూత్ ఇచ్చే చిన్న ముక్క) విడిగా కొని యూఎస్‌బీలో పెట్టాలి.

ఇప్పుడు పోర్టులు చూడండి. ఫోన్ వెనకో పక్కనో కిందో ఉంటాయి. రిసీవర్ బొమ్మ ఉన్న సన్నటి నాలుగు పిన్నుల పోర్టు రిసీవర్‌ది. అచ్చం అలాంటిదే ఇంకొకటి హెడ్‌ఫోన్ బొమ్మతో కనిపిస్తే మీ పని సగం తేలికైనట్టే, అది హెడ్‌సెట్ కోసమే పెట్టింది. ఈ సన్నటి పోర్టును ఆర్‌జే9 అంటారు. కొందరు ఆర్‌జే22 అని కూడా అంటారు, రెండూ ఒకటే. కొన్ని ఫోన్లలో దీనికి బదులు గుండ్రటి రంధ్రం ఉంటుంది. పానసోనిక్ మోడళ్లు చాలావాటిలో అది 2.5 మిల్లీమీటర్లది. మన మొబైల్ ఇయర్‌ఫోన్ పిన్ను 3.5 మిల్లీమీటర్లు కాబట్టి అందులో దూరదు. బలవంతంగా నొక్కకండి.

ఒక్క జాగ్రత్త. లైను వచ్చే పోర్టు కాస్త వెడల్పుగా ఉంటుంది. హెడ్‌సెట్ సన్న ప్లగ్గు అందులో కూడా వదులుగా కూర్చుంటుంది. మామూలు ల్యాండ్‌లైన్ తీగలో ఊరికే ఉన్నప్పుడే సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది, ఫోన్ మోగేటప్పుడు 75 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ వస్తుంది. హెడ్‌సెట్‌ను అందులో పెడితే పాడవుతుంది, చెవికి పెట్టుకుని ఉంటే ఇంకా ప్రమాదం. బొమ్మ కనిపించకపోతే టార్చి వేసి చూడండి. చీకట్లో తడిమి పెట్టకండి.

నాలుగు తీగల సంగతి

ఆర్‌జే9 ప్లగ్గును వెలుతురుకు పెట్టి చూస్తే నాలుగు రాగి గీతలు కనిపిస్తాయి. రెండు చెవి దగ్గర స్పీకర్‌కు, రెండు మైకుకు. చాలా ఫోన్లలో మధ్యలో ఉన్న రెండూ స్పీకర్‌వి, అటూ ఇటూ ఉన్న రెండూ మైకువి. కానీ ఇది అందరూ పాటించి తీరాల్సిన నియమం కాదు. ఏ కంపెనీ ఎలా కావాలంటే అలా పెట్టుకుంది. కొందరు జతలనే మార్చేశారు. కొందరు జతలు అలాగే ఉంచి మైకు ప్లస్సు, మైనస్సు తిరగేశారు.

ఆ ప్లస్సు, మైనస్సు ఎందుకు ముఖ్యమంటే, హెడ్‌సెట్‌లో ఉండే చిన్న మైకు పనిచేయడానికి ఫోన్ నుంచి కొంచెం కరెంటు కావాలి. అది తిరగబడి వస్తే మైకు మూగబోతుంది. స్పీకర్‌కు ఆ పట్టింపు లేదు, ఎటు నుంచి వచ్చినా పలుకుతుంది. అందుకే మీకు డయల్ టోన్ బ్రహ్మాండంగా వినిపిస్తుంది, అవతలి వాళ్లకు మాత్రం మీ గొంతు చేరదు. క్లినిక్‌లో జరిగింది సరిగ్గా ఇదే. డయల్ టోన్ వినిపించింది కదా, అంతా కుదిరిందని నేను అనుకున్నాను. డయల్ టోన్ చెవి సంగతి మాత్రమే చెబుతుంది, మైకు సంగతి చెప్పదు.

ఈ తేడాను సరిచేసేదే మధ్యలో ఉండే వైరు. మంచి హెడ్‌సెట్లు రెండు ముక్కలుగా వస్తాయి. తలకు పెట్టుకునేది ఒకటి, ఫోన్‌కు పోయే కింది వైరు ఒకటి. రెండూ కలిసే చోట లాగితే ఊడే జాయింటు ఉంటుంది, దాన్ని క్యూడీ అంటారు. ఫోన్ మారినప్పుడు కింది వైరు మారిస్తే చాలు, పైన హెడ్‌సెట్ అదే పనికొస్తుంది. సిస్కోకు ఒక వైరు, అవాయాకు ఇంకొకటి, యీలింక్‌కు మరొకటి. జాబ్రా అనే హెడ్‌సెట్ కంపెనీలో జీఎన్1200 అనే వైరు ఉంది. దాని మీద చిన్న స్విచ్చుకు ఎనిమిది స్థానాలు ఉంటాయి, ఒకటి నుంచి మొదలుపెట్టి ఫోన్‌తో కుదిరే స్థానం దొరికే దాకా జరపాలి. రకరకాల ఫోన్లున్న ఆఫీసుకు అది చాలా సౌకర్యం.

అయితే క్యూడీలో కూడా ఒక చిక్కుంది. ప్లాంట్రానిక్స్ క్యూడీ, జాబ్రా క్యూడీ ఆకారాలే వేరు, ఒకదానికొకటి పట్టవు. పైన ఒక కంపెనీ, కింద ఒక కంపెనీ కొన్నారంటే రెండూ వృథా. ఇక పెట్టె మీద పేరు చూసి కంగారు పడకండి. ప్లాంట్రానిక్స్ 2019లో పాలీ అని పేరు మార్చుకుంది, 2022లో హెచ్‌పీ దాన్ని కొనేసింది. పాత ప్లాంట్రానిక్స్ హెడ్‌సెట్ మీ దగ్గర ఉంటే వైరు కోసం పాలీ పేరుతో వెతకండి.

ఎలాంటి హెడ్‌సెట్ తీసుకోవాలి

సీటులోంచి లేవని ఉద్యోగానికి వైరు హెడ్‌సెట్టే మంచిదని నా నమ్మకం. చార్జింగ్ పెట్టడం మర్చిపోయే బాధ లేదు, పక్క సీటువాళ్ల సిగ్నల్ తగలదు, ధర తక్కువ. ఫైలు కోసం బీరువా దాకా, ప్రింటర్ దాకా తిరుగుతూ మాట్లాడాల్సిన వాళ్లకు వైర్‌లెస్ కొనండి.

చుట్టూ నలుగురు మాట్లాడుతుండే హాలులో రెండు చెవులదీ, రిసెప్షన్‌లో ఎదురుగా మనుషులు వచ్చి నిలబడే చోట ఒక చెవిదీ తీసుకోండి. రిసెప్షన్‌లో రెండు చెవులూ మూసేస్తే ఎదురుగా పెద్దాయన నిలబడి "అమ్మా" అని పిలిచినా వినపడదు.

వైర్‌లెస్‌లో రెండు రకాలు. బ్లూటూత్ మనకు తెలిసిందే. ఆఫీసు కోసం ప్రత్యేకంగా చేసేవి ఎక్కువగా డెక్ట్ అనే పద్ధతిలో ఉంటాయి. బల్ల మీద ఒక బేస్ ఉంటుంది, హెడ్‌సెట్ దానితో మాట్లాడుతుంది, బేస్ ఫోన్‌తో మాట్లాడుతుంది. బ్లూటూత్ వైఫై తిరిగే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటుంది కాబట్టి రద్దీ ఎక్కువ. డెక్ట్‌కు ఆ గోల లేదు, దూరం కూడా ఎక్కువ వస్తుంది. కంపెనీలు నూరు మీటర్లకు పైనే చెబుతాయి, అది అడ్డు లేని చోట లెక్క. కాంక్రీటు గోడలుంటే అందులో సగం కూడా రాకపోవచ్చు.

ఇక్కడ మన వాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో ఉన్న తమ్ముడో బావగారో సెలవులకు వస్తూ అక్కడి డెక్ట్ హెడ్‌సెట్ తెచ్చిపెట్టడం చూస్తుంటాను. అమెరికా డెక్ట్ 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. యూరప్ రకం 1880 నుంచి 1900లో పనిచేస్తుంది. మన దేశంలో 1920 నుంచి పైకి మొబైల్ ఫోన్లు టవర్‌కు సిగ్నల్ పంపే బ్యాండు. అక్కడి హెడ్‌సెట్ ఇక్కడ వాడితే మొబైల్ నెట్‌వర్క్‌కు అడ్డు తగులుతుంది, అది చట్టప్రకారం కూడా తప్పు. వాళ్ల చేత వైరుదో బ్లూటూత్‌దో తెప్పించుకోండి. డెక్ట్ మాత్రం ఇక్కడ అమ్మేదే కొనండి.

యూఎస్‌బీ హెడ్‌సెట్ గురించి చాలామంది అడుగుతారు. ఫోన్‌కు యూఎస్‌బీ రంధ్రం ఉన్నంత మాత్రాన శబ్దం అందులోంచి వెళ్తుందని లేదు. కొన్నింట్లో అది చార్జింగ్‌కో డాంగిల్‌కో మాత్రమే. మోడల్ వివరాల్లో యూఎస్‌బీ హెడ్‌సెట్ సపోర్ట్ అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

వైరు హెడ్‌సెట్ కలపడం

1. కాల్ నడుస్తుండగా ఏదీ పీకకండి. రిసీవర్ పెట్టేసి మొదలుపెట్టండి.

2. హెడ్‌సెట్‌నూ కింది వైరునూ క్యూడీ దగ్గర కలపండి. టక్కుమనాలి. సగమే లోపలికి వెళ్తే గరగరమంటుంది.

3. కింది వైరు ప్లగ్గును హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్న పోర్టులో పెట్టండి. ప్లగ్గుకు ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుక లోపల పట్టుకోవాలి. మెల్లగా వెనక్కి లాగి చూడండి, ఊడకూడదు.

4. ఫోన్ అడుగున వైరు దూర్చడానికి గాడి ఉంటుంది. వైరును అందులోంచి తీయండి. ఎప్పుడో ఎవరో కుర్చీ జరిపినప్పుడు ఆ లాగుడంతా ప్లగ్గు మీద పడకుండా ఇది కాపాడుతుంది. ఈ ఒక్క పనీ వదిలేయడం వల్లే పోర్టులు వదులైపోయిన ఫోన్లు చాలా చూశాను.

5. రిసీవర్ ఎత్తకుండా, ఫోన్ మీద హెడ్‌సెట్ బొమ్మ ఉన్న బటన్ నొక్కండి. దాని లైటు వెలిగి డయల్ టోన్ వినిపించాలి.

6. పక్క గదిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. కనీసం ఒక నిమిషం మాట్లాడండి. వాళ్లకు మీ గొంతు ఎలా ఉందో అడగండి. ఈ మెట్టు దాటకుండా పని పూర్తయిందని అనుకోకండి.

హెడ్‌సెట్ పోర్టే లేకపోతే

సాదా ల్యాండ్‌లైన్ ఫోన్లలోనూ, చవక మోడళ్లలోనూ రిసీవర్ పోర్టు ఒక్కటే ఉంటుంది. రిసీవర్ వైరు పీకి అక్కడ హెడ్‌సెట్ పెడితే శబ్దం వస్తుంది గానీ, కాల్ ఎత్తడానికీ పెట్టేయడానికీ రిసీవర్‌ను దాని గూట్లోంచి తీసి పక్కన పెట్టడం, మళ్లీ పెట్టడం చేయాలి. రోజుకు పది కాల్స్ అయితే పరవాలేదు.

అంతకు మించితే మధ్యలో ఒక చిన్న స్విచ్చు పెట్టె పెట్టుకోండి. ప్లాంట్రానిక్స్ ఎం22 అలాంటిదే. ఫోన్ రిసీవర్ పోర్టు నుంచి పెట్టెకు ఒక వైరు, పెట్టె నుంచి రిసీవర్‌కూ హెడ్‌సెట్‌కూ చెరొకటి. ఒక బటన్‌తో అటూ ఇటూ మార్చుకోవచ్చు. మైకు, స్పీకర్ శబ్దం పెంచి తగ్గించే చక్రాలు కూడా దాని మీదే ఉంటాయి. ఫోన్ రకాన్ని బట్టి జరిపే నాలుగు స్థానాల స్విచ్చు కూడా ఉంటుంది. ఇవి ఎక్కువగా బ్యాటరీతో నడుస్తాయి. కొన్ని నెలలకు గొంతు సన్నబడిపోతే ముందు సెల్లులు మార్చి చూడండి.

వైర్‌లెస్ బేస్, కాల్ ఎత్తే పద్ధతి

వైర్‌లెస్ సెట్టులో మీ చెవికి వైరు లేకపోయినా బేస్‌కూ ఫోన్‌కూ మధ్య వైరు తప్పదు. నాలుగు తీగల సమస్య అక్కడికి మారుతుంది, అంతే. బేస్ అడుగున చూస్తే ఫోన్ రకాన్ని బట్టి మార్చే స్విచ్చు కనిపిస్తుంది. ప్లాంట్రానిక్స్ సీఎస్540లో అది ఏ (A) నుంచి జీ (G) దాకా ఏడు అక్షరాలతో ఉంటుంది, కొత్తగా వచ్చేటప్పుడు A మీద ఉంటుంది. చాలా ఫోన్లకు A సరిపోతుంది. డయల్ టోన్ సన్నగా ఉన్నా, గొంతు బొంగురుగా ఉన్నా ఒక్కొక్క అక్షరం జరుపుతూ, ప్రతిసారీ ఎవరికైనా ఫోన్ చేసి అడుగుతూ పోండి. ఈ సెట్టును రిసీవర్ పోర్టుకే కలుపుతారు. పీకిన రిసీవర్ వైరును బేస్‌తో వచ్చిన జంక్షన్ ముక్కలో పెడితే రిసీవర్ కూడా మామూలుగా పనిచేస్తుంది.

మొదట బేస్‌కు కరెంటు ఇచ్చి హెడ్‌సెట్‌ను అందులో పెట్టి పూర్తిగా చార్జి చేయండి. తొందరపడి సగం చార్జింగ్‌తో పరీక్షిస్తే వచ్చే గొంతు చూసి సెట్టింగుల్లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

తర్వాత వచ్చే ప్రశ్న: మీరు ప్రింటర్ దగ్గర ఉన్నారు, ఫోన్ మోగింది. హెడ్‌సెట్ బటన్ నొక్కితే కాల్ ఎత్తుతుందా? దానంతటదే ఎత్తదు. హెడ్‌సెట్ బటన్ బేస్‌ను మాత్రమే లేపుతుంది, ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. దానికి రెండు మార్గాలున్నాయి. పాత ఫోన్లకు లిఫ్టర్ పెడతారు. రిసీవర్ కింద అమర్చే చిన్న యంత్రం అది, బటన్ నొక్కగానే రిసీవర్‌ను నిజంగానే పైకి లేపుతుంది. ఐపీ ఫోన్లకు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవాటికి) ఈహెచ్ఎస్ అనే వైరు ఉంటుంది. ఎత్తు, పెట్టు అనే ఆదేశాన్ని అది నేరుగా ఫోన్‌కు చేరుస్తుంది. రెండూ పెట్టే వీలుంటే ఈహెచ్ఎస్ తీసుకోండి. లిఫ్టర్ ఎవరి చెయ్యి తగిలినా పక్కకు జరిగిపోతుంది.

సిస్కో 7800, 8800 శ్రేణుల్లో ఈహెచ్ఎస్ వైరు ఆక్స్ అని రాసిన పోర్టుకు పోతుంది. యీలింక్ టీ46ఎస్ లాంటి మోడళ్లకు ఈహెచ్ఎస్36 అనే చిన్న పెట్టె విడిగా కొనాలి. ఇదికూడా ఫోన్ మోడల్, హెడ్‌సెట్ మోడల్ రెండూ చెప్పి కొనాల్సిన వస్తువే.

ఒకే హాలులో యాభై డెక్ట్ సెట్లు పెడితే అవి ఒకదానితో ఒకటి తగులుకుంటాయి. హెడ్‌సెట్ సెట్టింగుల్లో వైడ్‌బ్యాండ్ (గొంతు ఎక్కువ స్పష్టంగా వచ్చే పద్ధతి) ఆపి న్యారోబ్యాండ్ (మామూలు ఫోన్ గొంతు) పెడితే ఎక్కువ సెట్లకు చోటు దొరుకుతుంది, దూరం తగ్గించే సెట్టింగ్ ఉంటే అది కూడా పెట్టండి. పక్క సీటు బేస్‌కు అరచేయి దూరంలో మీ బేస్ పెట్టకండి. కంప్యూటర్ మానిటర్‌కు ఆనించి కూడా పెట్టకండి.

ఫోన్ లోపలి సెట్టింగులు

వైర్లు కుదిరాక ఫోన్‌కు కూడా చెప్పాలి. యీలింక్‌లో ఓకే బటన్ నొక్కితే స్క్రీన్ మీద ఐపీ అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని కంప్యూటర్ బ్రౌజర్‌లో కొట్టండి. పాస్‌వర్డ్ మీ ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్లను అడిగే చేయండి. లోపల ఫీచర్స్‌లో జనరల్ ఇన్ఫర్మేషన్ కింద హెడ్‌సెట్ ప్రయర్ అని ఉంటుంది. రోజంతా హెడ్‌సెట్ మీదే ఉండేవాళ్లకు దాన్ని ఆన్ చేయండి. ఒకసారి హెడ్‌సెట్ బటన్ నొక్కితే మళ్లీ మీరే ఆపే దాకా కాల్స్ అన్నీ హెడ్‌సెట్‌కే వెళ్తాయి. పక్కనే డ్యుయల్ హెడ్‌సెట్ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు ఇది చాలా ఉపయోగం. హెడ్‌సెట్ పోర్టులో ఉన్నవాళ్లు మాట్లాడతారు, రిసీవర్ పోర్టులో ఇంకో హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లు వింటారు. ఫీచర్స్‌లోనే ఆడియో కింద ఫోన్ ఎక్కడ మోగాలో చెప్పే సెట్టింగ్ ఉంది: స్పీకర్‌లోనా, హెడ్‌సెట్‌లోనా, రెండింట్లోనా. తరచూ సీటు వదిలి వెళ్లేవాళ్లకు రెండింట్లో పెట్టండి, లేకపోతే కాల్స్ తప్పిపోతాయి.

పాలీ వీవీఎక్స్ ఫోన్లలో సెట్టింగ్స్, బేసిక్, ప్రిఫరెన్సెస్, హెడ్‌సెట్ దాకా వెళ్లండి. అక్కడ హెడ్‌సెట్ మెమరీ ఆన్ చేసి, హెడ్‌సెట్ బటన్‌ను రెండుసార్లు నొక్కితే పైన చెప్పిన పనే జరుగుతుంది. వైర్‌లెస్ వాడుతుంటే అక్కడే అనలాగ్ హెడ్‌సెట్ మోడ్‌లో జాబ్రా, ప్లాంట్రానిక్స్ అని ఉంటాయి, మీదేదో అది ఎంచుకోండి. ఇది మామూలు మోడ్‌లో ఉండిపోతే ఈహెచ్ఎస్ వైరు ఎంత ఖరీదైనదైనా పలకదు.

గ్రాండ్‌స్ట్రీమ్ జీఎక్స్‌పీ ఫోన్లలో బ్రౌజర్ లోంచి సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో కంట్రోల్‌కు వెళ్లాలి. హెడ్‌సెట్ రకం నార్మల్, ప్లాంట్రానిక్స్ ఈహెచ్ఎస్ అని రెండుంటాయి. అక్కడే టీఎక్స్ గెయిన్ అంటే మీ గొంతు అవతలికి వెళ్లే బలం, ఆర్ఎక్స్ గెయిన్ అంటే అవతలి గొంతు మీకు వచ్చే బలం.

సిస్కో 8800లో అప్లికేషన్స్ బటన్ నొక్కి యాక్సెసరీస్‌లోకి వెళ్తే అనలాగ్ హెడ్‌సెట్ కనిపిస్తుంది. అందులో వైడ్‌బ్యాండ్ ఆన్, ఆఫ్ ఉంటుంది. మీ హెడ్‌సెట్ వైడ్‌బ్యాండ్‌ది కాకపోతే ఆఫ్‌లో ఉంచండి.

పానసోనిక్ ఎక్స్‌టెన్షన్ ఫోన్లలో చాలావాటికి పర్సనల్ ప్రోగ్రామింగ్‌లో రిసీవర్ నుంచి హెడ్‌సెట్‌కు మార్చుకోవాలి. అది చేయకపోతే స్పీకర్ బటన్ నొక్కినప్పుడు గొంతు హాలంతా వినిపిస్తుంది, హెడ్‌సెట్ మౌనంగా ఉంటుంది.

గొంతు సరిచేసుకోవడం

వాల్యూమ్ చక్రాలు మూడు చోట్ల ఉంటాయి: ఫోన్‌లో, మధ్య పెట్టె లేదా బేస్‌లో, హెడ్‌సెట్ మీద. అన్నీ ఒకేసారి తిప్పితే ఎక్కడ తప్పుందో తేలదు. ఫోన్ వాల్యూమ్‌ను మధ్యలో పెట్టి వదిలేయండి. తర్వాత బేస్‌లో సరిచేయండి. చివరికి రోజువారీ ఎక్కువ తక్కువలకు హెడ్‌సెట్ మీది బటన్ వాడండి.

మైకును నోటికి సూటిగా పెట్టుకుంటే ఊపిరి బుసబుసమని అవతల వినిపిస్తుంది. పెదవి కొసకు రెండు వేళ్ల దూరంలో, కొంచెం కిందకు ఉంచండి. మైకు గొట్టాన్ని గడ్డం కిందకు వంచేసి, గొంతు సరిపోవట్లేదని గెయిన్ పెంచమనేవాళ్లు చాలామంది. గెయిన్ పెంచితే పక్క సీటు మాటలు, ఏసీ హోరు కూడా పెరుగుతాయి. ముందు మైకును చోటుకు తెచ్చి, అప్పటికీ తక్కువైతేనే గెయిన్ ముట్టుకోండి.

మీ గొంతు మీకే కాస్త వినిపించడాన్ని సైడ్‌టోన్ అంటారు. అది కొంచెం ఉండాలి. అసలు లేకపోతే తెలియకుండానే అరుస్తూ మాట్లాడతాం. ఎక్కువైతే చిరాకు.

అవతలి వాళ్లు "నా మాట నాకే తిరిగి వస్తోంది" అంటే, మీ చెవిలో శబ్దం ఎక్కువై అది మీ మైకులో పడుతోందన్నమాట. మీ వాల్యూమ్ తగ్గించండి, చెవి మెత్తలు సరిగ్గా ఆనుతున్నాయో చూడండి. గుయ్ మని ఒకే రాగంలో శబ్దం వస్తుంటే చార్జర్లు, అడాప్టర్లు వైరుకు ఆనుకుని ఉన్నాయేమో చూసి పక్కకు జరపండి. వైరు కదిపినప్పుడల్లా గరగరమంటే జాయింటు లేదా ప్లగ్గు అరిగింది, కింది వైరు మార్చండి. మీకు వినిపించి వాళ్లకు వినిపించకపోతే వరసగా మూడు చూడండి: మ్యూట్ బటన్, మైకు గెయిన్, వైరు ఫోన్ మోడల్‌కు చెందినదేనా. ఏ తేడా వచ్చినా, అదే హెడ్‌సెట్‌ను అదే మోడల్ ఉన్న పక్క ఫోన్‌లో పెట్టి చూడండి. అక్కడా అలాగే ఉంటే తప్పు హెడ్‌సెట్‌దో వైరుదో, అక్కడ బాగుంటే మీ ఫోన్‌ది. ఈ ఒక్క పరీక్షతో ఎన్నో గంటలు మిగులుతాయి.

చెవి గురించి

ఎనిమిది గంటలు చెవికి ఆనించి ఉంచే వస్తువు ఇది. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల పాటు సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు కొలవలేకపోయినా ఒక గుర్తు పెట్టుకోండి: హెడ్‌సెట్ పెట్టుకుని ఉండగా పక్కవాళ్లకు అవతలి మాటలు వినిపిస్తున్నాయంటే శబ్దం ఎక్కువగా ఉందన్నట్టే. హాలులో గోల ఎక్కువైతే వాల్యూమ్ పెంచడం కన్నా రెండు చెవుల హెడ్‌సెట్‌కు మారడం మేలు. ఉన్నట్టుండి వచ్చే కీచు శబ్దాల నుంచి కాపాడే పరిమితి మంచి హెడ్‌సెట్లలో ఉంటుంది. మరీ చవకవాటిలో అది ఉంటుందని నమ్మలేం, కొనేటప్పుడు అడగండి.

షిఫ్టులు మారే చోట హెడ్‌సెట్లు చేతులు మారతాయి. క్యూడీ జాయింటు ఉన్నవైతే ఎవరి పై ముక్క వాళ్లదే ఉంచుకుని, కింది వైరును బల్లకు వదిలేయవచ్చు. అలా చేయమని నేను గట్టిగా చెబుతాను. కుదరకపోతే కనీసం చెవి మెత్తలు, మైకు మీది నురుగు తొడుగు ఎవరివి వాళ్లకు ఇవ్వండి. మన ఎండల్లో తోలు రకం మెత్తలు చెమట పట్టి చర్మం ఊడుతాయి. స్పంజి మెత్తలు గాలి ఆడతాయి గానీ తొందరగా చిరుగుతాయి. ఏవైనా చిరిగే దాకా ఆగకుండా మార్చుకోవాలి. తుడిచేటప్పుడు తడి గుడ్డను బాగా పిండి వాడండి, మైకు రంధ్రం మీద ఏ ద్రవమూ చల్లకండి.

అంతా కుదిరాక ఒక తెల్ల స్టిక్కర్ మీద ఫోన్ మోడల్, వైరు పేరు, స్విచ్చు ఏ స్థానంలో ఉందో, బిగించిన తేదీ రాసి బేస్ అడుగునో వైరు చివరనో అంటించండి. బల్లలు మార్చినప్పుడు, ఎవరి మోచేయో తగిలి స్విచ్చు జరిగినప్పుడు, తర్వాత వచ్చేవాళ్లు మొదటి స్థానం నుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. ప్రతి పది సీట్లకు ఒక కింది వైరు అదనంగా కొని, అదే స్టిక్కర్ వేసి డ్రాయరులో పెట్టండి.